ఎలుకల లివర్‌ని కాపాడిన ఆకు మా మావయ్యని ఎందుకు కాపాడలేదు?

ఎప్పుడూ మీరు అడిగిన ప్రశ్నలు తీసుకుని మాట్లాడుతుంటాను కదా, ఈ ఎపిసోడ్‌లో మాత్రం నేను స్వయంగా చేసిన ఒక ప్రయోగం గురించి, దాని వల్ల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి గురించి చెప్తాను. చాలా రోజులుగా చెప్దామా వద్దా అనుకుంటూ ఉన్నాను. ఈ మధ్య 'ఈ ఆకు రసం తాగితే ఏ మందు వేసుకున్నా లివర్‌కి ఏమీ కాదు' అనే రీల్ ఒకటి మా ఫ్యామిలీ గ్రూప్‌లోనే నాలుగుసార్లు వచ్చింది. ఇంక చెప్పాల్సిందే అనిపించింది.

నా ప్రాజెక్టు

నేను ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చదివాను. నా ప్రాజెక్టు ఏంటంటే, పారాసిటమాల్ వల్ల ఎలుకల లివర్‌కి జరిగే నష్టాన్ని నేల ఉసిరి సారం ఆపుతుందా లేదా అని చూడటం. ఫార్మసీ చదివినవాళ్ళు ఇది వినగానే నవ్వుతారు. ఎందుకంటే మన దగ్గర చాలా ఫార్మసీ కాలేజీల లైబ్రరీల్లో ఇలాంటి థీసిస్‌లు వరసగా కనిపిస్తాయి. మొక్క పేరు మారుతుంది. నేల ఉసిరి, నేలవేము, కటుకరోహిణి, తిప్పతీగ... మిగతాదంతా దాదాపు ఒకటే.

పద్ధతి ఇలా ఉంటుంది. మొక్కని నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో ఆల్కహాల్‌తో సారం తీస్తాం. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని ఎలుకల్ని ఐదు గుంపులు చేస్తాం, గుంపుకి ఆరు. మొదటి గుంపుకి ఏమీ ఇవ్వం. రెండో గుంపుకి పారాసిటమాల్ మాత్రమే. మూడో గుంపుకి సిలిమారిన్, ఆ తర్వాత పారాసిటమాల్. సిలిమారిన్ అంటే మిల్క్ తిజిల్ అనే ముళ్ళ మొక్క గింజల నుంచి తీసిన పదార్థం, దాన్ని పోలిక కోసం పెట్టుకుంటాం. నాలుగో గుంపుకి నా సారం కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు, ఐదో గుంపుకి 400. ఏడు రోజులు సారం పట్టించి, చివరి రోజు పారాసిటమాల్ పెద్ద డోసు ఇస్తాం. తర్వాత రక్తంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చూస్తాం.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. రెండో గుంపులో ఎస్‌జీపీటీ ఆకాశంలో ఉంది. నా 400 డోసు గుంపులో సిలిమారిన్ గుంపుకి దగ్గరగా వచ్చేసింది. లివర్ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఎంత ముచ్చటేసిందో! ఆ ఫోటోలు ఫోన్‌లో మా అమ్మకి చూపించాను. "ఇది పాడైన లివర్ అమ్మా, ఇది మన నేల ఉసిరి తాగిన లివర్" అని. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అసలు లివర్‌లో ఏం జరుగుతుంది?

ముందుకెళ్ళే ముందు ఇది ఒక్క నిమిషం అర్థం చేసుకుందాం, ఎందుకంటే కథంతా దీని మీదే ఉంది.

మనం వేసుకున్న పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ ఏ గొడవా లేకుండా మార్చేసి మూత్రంలో పంపేస్తుంది. ఓ కొద్ది భాగం, సుమారు 5 నుంచి 10 శాతం, సీవైపీ2ఈ1 లాంటి ఎంజైమ్‌ల చేతిలో పడి నాప్‌క్వి అనే విషంగా మారుతుంది. మామూలు డోసులో ఇది సమస్యే కాదు. లివర్‌లో గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది, అది నాప్‌క్విని పట్టుకుని బయటికి పంపేస్తుంది.

మన వీధిలోకి వచ్చే చెత్తబండి అనుకోండి. రోజూ వచ్చే చెత్తకి ఆ బండి సరిపోతుంది. ఒకేరోజు ఊరంతా చెత్త తెచ్చి పోస్తే బండి నిండిపోతుంది, మిగిలింది రోడ్డు మీదే కుళ్ళుతుంది. డోసు మితిమీరినప్పుడు జరిగేది అదే. గ్లూటాథయోన్ అయిపోతుంది, మిగిలిన నాప్‌క్వి లివర్ కణాల ప్రోటీన్లకి అతుక్కుని వాటిని చంపుతుంది. ఈ లెక్క 1973లో అమెరికాలో ఎలుకల మీద చేసిన పరిశోధనలతో తేలింది. గ్లూటాథయోన్ సుమారు 70 శాతం ఖర్చయ్యాకే నష్టం మొదలవుతోందని వాళ్ళు చూశారు.

ఇది తెలిశాక విరుగుడు దొరికింది. గ్లూటాథయోన్ తయారవ్వడానికి ముడిసరుకు అందిస్తే చాలు కదా? అదే ఎన్-అసిటైల్ సిస్టీన్, ఆస్పత్రుల్లో ఎన్‌ఏసీ అంటారు. 1979లో ఎడిన్‌బరో డాక్టర్ ప్రెస్కాట్ బృందం 100 మంది వివరాలు ప్రచురించింది. డోసు మింగిన 10 గంటల లోపు ఎన్‌ఏసీ అందిన 62 మందిలో ఒక్కరికే లివర్ తీవ్రంగా దెబ్బతింది. 10 గంటలు దాటాక అందిన 38 మందిలో 20 మందికి దెబ్బతింది. మందు అదే, మారింది టైమ్ ఒక్కటే. ఈ టైమ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

వైవాలో ఒక్క ప్రశ్న

నా వైవాకి బయట నుంచి ఒక ఎగ్జామినర్ మేడమ్ వచ్చారు. గ్రాఫులన్నీ ఓపిగ్గా చూశారు. చివర్లో ఒకటే అడిగారు.

"అమ్మా, సారం విషానికి ముందు ఇచ్చావా, తర్వాత ఇచ్చావా?"

"ముందు మేడమ్. ఏడు రోజులు."

"మరి మనుషులు ఆస్పత్రికి ముందు వస్తారా, తర్వాత వస్తారా?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడ కోప్పడలేదు, నవ్వి వివరించారు. ముందుగా ఇచ్చిన సారం ఎలుకని మూడు రకాలుగా కాపాడి ఉండొచ్చు. ఒకటి, ఆ ఎంజైమ్‌ని ఆపేసి అసలు విషమే తయారవ్వకుండా చేసి ఉండొచ్చు. రెండు, గ్లూటాథయోన్ పెంచి ఉండొచ్చు. మూడు, దెబ్బతిన్న కణాల్ని నిజంగా బాగుచేసి ఉండొచ్చు. మొదటిదే నిజమైతే, విషం అప్పటికే తయారైపోయిన మనిషికి ఆ సారం వల్ల లాభం లేదు. నేను చేసిన ప్రయోగం ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పలేదు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఎస్‌జీపీటీ తగ్గుతుంది, అంతే.

ఇంకో మెలిక కూడా చెప్పారు. సారాన్ని కరిగించడానికి కొంతమంది డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాడతారు. ఆ ద్రావకమే సీవైపీ2ఈ1ని ఆపుతుంది! అంటే పేరు మొక్కకి వస్తుంది, పనిచేసింది ద్రావకం కావచ్చు. పైగా పారాసిటమాల్ విషయంలో నేను వాడిన పెద్ద ఎలుకలు మనిషికి మంచి నమూనా కూడా కాదు. చిట్టెలుకలతో పోలిస్తే వాటి లివర్ ఈ విషాన్ని చాలా తట్టుకుంటుంది.

ఆ రోజు రాత్రి హాస్టల్‌లో కూర్చుని ఒక లెక్క వేశాను. ఎలుక డోసుని మనిషి డోసుగా మార్చే మామూలు సూత్రం ప్రకారం 6.2తో భాగించాలి. 400ని భాగిస్తే కిలోకి సుమారు 65 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 4 గ్రాముల ఎండు సారం. నాకు 100 గ్రాముల పొడి నుంచి 10 గ్రాముల సారం వచ్చింది. అంటే రోజుకి 40 గ్రాముల ఎండిన మొక్క, అదీ ఆల్కహాల్‌తో తీసింది. పొద్దున్నే గుప్పెడు ఆకు నూరి తాగే పసరుకీ, నా థీసిస్‌లో ఉన్నదానికీ సంబంధం చాలా తక్కువ.

ఇదంతా నాకు అర్థమైంది. మా అమ్మకి చెప్పలేదు. పాసయ్యానన్న సంతోషంలో మర్చిపోయాను.

మావయ్య

ఏడాది తర్వాత మా మావయ్యకి టీబీ అని తేలింది. ఊళ్ళో వ్యవసాయం చేస్తాడు, మనిషి గట్టివాడే. ప్రభుత్వం ఇచ్చే మందులు మొదలుపెట్టారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. వీటిలో మొదటి మూడూ కొంతమందికి లివర్‌ని దెబ్బతీస్తాయి. ఈ విషయం డాక్టర్లకి తెలుసు, అందుకే జాగ్రత్తలు చెప్తారు. అలా అని మందులు చెడ్డవి కాదు. టీబీని తగ్గించేవి అవే. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా కోర్సు పూర్తి చేస్తారు.

ఆ మందులు లివర్‌కి పడవేమో అని మా అమ్మ భయపడింది. "మన అమ్మాయి దాని మీదే చదివింది రా, నేల ఉసిరి తాగు, లివర్‌కి ఏమీ కాదు" అని తమ్ముడికి చెప్పింది. మావయ్య రోజూ పొద్దున్నే పసరు తాగి, ఆ తర్వాత మాత్రలు వేసుకునేవాడు.

ఐదో వారంలో అన్నం సయించడం మానేసింది. వాంతులు మొదలయ్యాయి. మూత్రం ముదురు రంగులో వస్తోంది. అత్త ఆస్పత్రికి వెళ్దామంటే మావయ్య ఏమన్నాడో తెలుసా? "లివర్‌కి ఏం కాదులేవే, పసరు తాగుతున్నాగా. వేడి చేసుంటుంది" అన్నాడు. పసరు రెండు పూటలా చేశాడు. మాత్రలు కూడా మానలేదు. అలా పది రోజులు గడిచాయి. కళ్ళు పచ్చబడ్డాక నాకు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నువ్వే కదా ఆ ఆకు మీద చదివింది. ఇంకొంచెం ఎక్కువ తాగమంటావా?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాం. బిలిరుబిన్ 9 ఉంది. డాక్టర్ టీబీ మందులు, పసరు అన్నీ ఆపేశారు. మావయ్య తేరుకోవడానికి వారాలు పట్టింది. తర్వాత మందుల్ని ఒక్కొక్కటిగా, రక్తపరీక్షలు చేస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. టీబీ తగ్గింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నేను డాక్టర్‌ని అడిగాను, "పసరు వల్లేనా సార్?" అని. "ఏది ఎంత చేసిందో చెప్పలేనమ్మా. పది రోజులు ముందు వచ్చుంటే మాత్రం ఇంతదాకా వచ్చేది కాదు" అన్నారు.

చూశారా, మళ్ళీ టైమే. ఆ ఆకు విషమని నేను అనట్లేదు. కానీ 'నాకు రక్షణ ఉంది' అన్న నమ్మకం పది రోజులు తినేసింది. ఆ నమ్మకం మా అమ్మకి నా ఫోన్‌లో ఫోటోల నుంచి వచ్చింది.

ఇంకో మాట. నా ఎలుకలకి ఇచ్చిన విషం పారాసిటమాల్. మావయ్య వేసుకున్నవి టీబీ మందులు. ఐసోనియాజిడ్ లివర్‌ని దెబ్బతీసే దారి వేరు, దాన్ని విరిచే ఎంజైమ్‌లు వేరు. అది శరీరంలో ఎంత త్వరగా మారుతుందన్నది కూడా పుట్టుకతో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఒక విషానికి పనిచేసింది ఇంకోదానికి పనిచేస్తుందన్న గ్యారంటీ ఎక్కడా లేదు.

మరి మనుషుల మీద ఎవరూ చూడలేదా?

చూశారు. న్యాయంగా చెప్పాలంటే, టీబీ మందుల విషయంలో 'ముందుగా ఇవ్వడం' అనే ఆలోచనలో తప్పు లేదు. ఎందుకంటే ఫలానా రోజు నుంచి మందు మొదలవుతుందని ముందే తెలుసు. అందుకే సిలిమారిన్‌తో ట్రయల్స్ చేశారు. థాయ్‌లాండ్‌లో 55 మందితో చేసినదాంట్లో లాభం కనిపించింది. అదే 2015లో చైనాలో 500 మందికి పైగా రోగులతో చేసినదాంట్లో లాభం కనిపించలేదు. చిన్న ట్రయల్‌లో కనిపించి పెద్దదాంట్లో కనిపించకపోతే, నమ్మడానికి తొందరపడకూడదు.

నేల ఉసిరి కథ కూడా అంతే. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో హెపటైటిస్-బి గురించి రాశారు. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయిందన్నారు. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు.

మరి ఊళ్ళో కామెర్లకి పసరు పోస్తే తగ్గుతోంది కదా అంటారు. హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ టైమ్‌లో ఏది తాగినా పేరు దానికే వస్తుంది. తగ్గనివాళ్ళ కథలు ఎవరూ చెప్పుకోరు.

మొక్కల్లో ఏమీ లేదనుకోకండి. యూరప్‌లో డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవాళ్ళకి, సిలిమారిన్‌లోని ముఖ్య భాగం సిలిబినిన్‌ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఆ విషం లివర్ కణాల్లోకి వెళ్ళే దారిని అది అడ్డుకుంటుంది. అక్కడ కూడా పెద్ద పోలిక ట్రయల్స్ లేవు, కానీ అది ఎలా పనిచేస్తుందో తెలుసు. ఏ విషానికి, ఎంత డోసు, ఎప్పుడు ఇవ్వాలన్నది తెలుసు. మందు అంటే అది. ఆకు పేరు ఒక్కటే తెలిస్తే మందు అవ్వదు.

'నేచురల్ కదా, పోయేదేముంది?'

పోయేది ఉంది. కోవిడ్ టైమ్‌లో ఇమ్యూనిటీ కోసం ఇంటింటా తిప్పతీగ కషాయం తాగారు గుర్తుందా? 2020లో ముంబైలో అలా తాగిన ఆరుగురికి లివర్ దెబ్బతిందని డాక్టర్లు రాశారు. ఆ తర్వాత దేశంలోని 13 సెంటర్ల నుంచి 43 మంది వివరాలు ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమనీ, వాళ్ళు తాగింది దాన్ని పోలిన వేరే తీగ అయ్యుండొచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. సరే, ఆ మాటే తీసుకుందాం. పేరున్న తీగకీ, పోలిన తీగకీ తేడా గేటు పక్కన కోసుకొచ్చిన మనకి తెలుసా?

జిమ్‌కి వెళ్ళేవాళ్ళు ఇది కూడా వినండి. గ్రీన్ టీ తాగడం వేరు, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ గుళికలు మింగడం వేరు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్‌గా రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవాళ్ళలో లివర్ ఎంజైమ్‌లు పెరుగుతున్నాయని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. సారం తీయడమంటే మంచిని మాత్రమే చిక్కబరచడం కాదు. ఉన్నదంతా చిక్కబడుతుంది.

మరి ఏం చేయాలి?

ఇవి స్క్రీన్‌షాట్ తీసుకుని ఇంట్లోవాళ్ళకి పంపండి.

పారాసిటమాల్ పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. జ్వరం మాత్రలో ఉన్నది, జలుబు మాత్రలో ఉన్నది కలిపి లెక్కేయండి. చాలా జలుబు మాత్రల్లో కూడా అది ఉంటుంది, అట్ట వెనక చదవండి. రోజూ తాగే అలవాటున్నవాళ్ళు, సరిగ్గా తినలేనివాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు ఇంకా తక్కువలో ఉండాలి, డాక్టర్‌ని అడగాలి.

పొరపాటునైనా, ఇంకెలాగైనా ఎవరైనా ఎక్కువ మింగితే ఆ క్షణమే ఆస్పత్రికి. 'మామూలుగానే ఉన్నాడు కదా' అని ఆగొద్దు. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, లివర్ దెబ్బ రెండు మూడు రోజులకి బయటపడుతుంది. ఎన్‌ఏసీ ఎంత త్వరగా అందితే అంత మేలు. మనసు బాగోక చేసినా సరే, ఎవరూ తిట్టకండి, ముందు తీసుకెళ్ళండి. మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ఉచితం, ఏ టైమ్‌లోనైనా మాట్లాడతారు, తెలుగులో కూడా.

టీబీ మందులు వేసుకునేవాళ్ళకి ఆకలి పోవడం, వాంతులు, ముదురు రంగు మూత్రం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసు వేసుకునే ముందే, అదే రోజు మీ డాక్టర్‌కి చెప్పండి. రేపు చూద్దాం అనొద్దు. అలాగే ఏ ఇబ్బందీ లేకుండా భయంతో మందులు మానేయొద్దు కూడా.

చివరిది. పసరు, కషాయం, పొడి, గుళికలు ఏది తాగుతున్నా డాక్టర్‌కి చెప్పండి. తిడతారని దాచొద్దు. మీరు చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారి లేదు.

ఆ థీసిస్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నల్ల అట్ట, బంగారు అక్షరాలు. మొన్న ఊరెళ్ళినప్పుడు మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇందులో ఏముందో ఇప్పుడైనా తెలుగులో చెప్పవే" అన్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ముందు ఇవ్వడం, తర్వాత ఇవ్వడం, చెత్తబండి, అన్నీ. అంతా విని, "ఈ ముక్క ఆ రోజే చెప్పుంటే సరిపోయేదిగా" అన్నాడు.

అవును, సరిపోయేది. అందుకే ఇవాళ మీకు చెప్పాను. మీ ఇంట్లో ఎవరైనా మందులతో పాటు ఏదో పసరు తాగుతుంటే ఈ రాత్రే ఒకసారి అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.